కంటితో తెచ్చుకున్న మాటలు: హాంకాంగ్ హోటళ్లలో జపనీస్

హాంకాంగ్‌లో ఆఫీసు వదిలాక నలుగురు స్నేహితులు కడుపు పట్టినంత తినాలనుకుంటే వినబడే మాట ‘సిక్ ఫోంగ్‌తై’. అక్కడివాళ్లు మాట్లాడే కాంటనీస్‌లో సిక్ అంటే తినడం. ఫోంగ్‌తై అంటే మనిషికి ఇంత అని రేటు ముందే చెప్పి, గంటన్నరో రెండు గంటలో టైమ్ ఇచ్చి, ఆ లోపు ఎంత అడిగితే అంత పెట్టడం.

ఈ మాటని విడదీసి చూస్తే మాత్రం తల తిరుగుతుంది. చైనీస్‌లో మొదటి అక్షరానికి ‘వదలడం’ అని అర్థం. రెండోదానికి ‘ప్రశ్న’, ‘అంశం’ అని అర్థం. పరీక్షలో ప్రశ్న వదిలేయడానికీ, ప్లేటు మీద ప్లేటు గొడ్డు మాంసం లాగించడానికీ ఏంటి సంబంధం? చైనీస్ లోపల ఎంత వెతికినా జవాబు దొరకదు. ఎందుకంటే ఆ రెండు అక్షరాలూ జపాన్ నుంచి వచ్చాయి. జపనీస్‌లో ‘హోదై’ అని ఒక ప్రత్యయం ఉంది. క్రియ వెనక తగిలిస్తే ‘ఇష్టం వచ్చినంత’ అని అర్థం వస్తుంది. తాబె-హోదై అంటే తినగలిగినంత, నోమి-హోదై అంటే తాగగలిగినంత. హోదైని జపాన్‌లో రెండు చైనీస్ అక్షరాలతో రాస్తారు. హాంకాంగ్‌వాళ్లు ఆ అక్షరాలని చూశారు, వాటికి తమ భాషలో ఉన్న ఉచ్చారణతో చదివారు, ఫోంగ్‌తై అయింది.

దారిలో వ్యాకరణం కూడా తలకిందులైంది. తాబె-హోదై మన ‘తిన్నంత’ లాంటిది. అందులోంచి తినడాన్ని తీసేసి మిగిలిన ‘అంత’ని పట్టుకుని ‘రాత్రికి అంత తిందాం పద’ అంటే ఎలా ఉంటుంది? కాంటనీస్‌లో జరిగింది అదే. జపనీస్‌లో ఒంటరిగా నిలబడలేని తోక హాంకాంగ్‌లో సొంత కాళ్ల మీద నిలబడే నామవాచకమైంది. దాని ముందు ఇప్పుడు ఏదైనా పెట్టుకోవచ్చు. మాంసం కాల్చుకునే ఫోంగ్‌తై ఉంది, మరిగే పులుసులో ముంచి ఉడికించుకు తినే హాట్‌పాట్ ఫోంగ్‌తై ఉంది. చివరికి కాంటనీస్ వంటకే ప్రాణమైన డిమ్‌సమ్‌కి, అంటే ఆవిరి కుడుముల్లాంటి చిరుతిళ్లకి కూడా ఫోంగ్‌తై ఉంది. అక్కడ జపాన్‌ది అంటూ మిగిలింది ఆ రెండు అక్షరాలే.

మరి బఫేకి కాంటనీస్‌లో మాట లేదా అంటే ఉంది. ‘జీజోఛాన్’, అంటే ‘ఎవరికి వారు వడ్డించుకునే భోజనం’. కానీ రెండూ ఒకటి కావు. జీజోఛాన్‌లో ప్లేటు పట్టుకుని లేచి వెళ్లాలి. ఫోంగ్‌తైలో కూర్చున్నచోటికే వస్తుంది, కాగితం మీద టిక్కు పెట్టడమే పని. మన దగ్గర పెళ్లిలో బఫేకీ, మెస్సులో ‘అన్‌లిమిటెడ్ మీల్స్’కీ ఉన్న తేడా ఇది. రెండోదానికి పేరు ఖాళీగా ఉంది కాబట్టే అరువు మాట నిలదొక్కుకుంది. (జపాన్‌లో బఫే పేరు ఇంకా విచిత్రం. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ స్కాండినేవియా పద్ధతిలో అలాంటి భోజనం మొదలుపెట్టి దానికి ‘వైకింగ్’ అని పేరు పెట్టింది. జపనీయులు ఇప్పటికీ బఫేని బైకింగు అనే అంటారు. ఈ మాట హాంకాంగ్‌లో అంటుకోలేదు. ఎందుకు అంటుకోలేదో కాసేపట్లో తేలుతుంది.)

చూపు ఒకటి, పలుకు ఇంకొకటి

అక్షరం ఒక భాష నుంచి వచ్చి శబ్దం మాత్రం అక్కడే ఉండిపోవడం తెలుగువాళ్లకి కాస్త వింతగా అనిపిస్తుంది. మన లిపి పలికినదాన్ని రాస్తుంది. బిర్యానీ, కబాబ్, నూడుల్స్ అన్నీ చెవి ద్వారానే వచ్చాయి. చైనీస్ అక్షరాల సంగతి వేరు. దానికి దగ్గరి పోలిక కావాలంటే అంకెలని తీసుకోవచ్చు. గోడ మీద ‘7’ అని రాసుంటే మనం ఏడు అంటాం, హిందీవాళ్లు సాత్ అంటారు, తమిళులు ఏళు అంటారు. గుర్తు ఒకటే, పలుకు ఎవరిది వారిదే. చైనా నుంచి జపాన్ వందల ఏళ్ల క్రితం తెచ్చుకున్న అక్షరాలు ఇలాగే పనిచేస్తాయి. అందువల్ల హాంకాంగ్ మెనూ చూసిన జపాన్ టూరిస్టు సగం వంటకాలని గుర్తుపట్టగలడు, వెయిటర్ వాటి పేర్లు చదివితే మాత్రం ఒక్కటీ అర్థం కాదు.

హోటళ్లకంటే చాలా ముందే ఈ దారి పడింది. 19వ శతాబ్దం రెండో సగంలో జపాన్ పాశ్చాత్య విజ్ఞానాన్ని తర్జుమా చేసుకుంటూ చైనీస్ అక్షరాలతోనే కొత్త మాటలు కూర్చింది. టెలిఫోన్‌కి ‘విద్యుత్తు’, ‘మాట’ అనే రెండు అక్షరాలు కలిపారు. ఫిలాసఫీకి వాడే జంటని నిషి అమానె 1874లో ప్రచారంలోకి తెచ్చాడు. 1900 ప్రాంతంలో జపాన్‌లో చదువుకున్న చైనా విద్యార్థులు ఈ మాటలని పుస్తకాల్లో చూసి ఉన్నవున్నట్టు తీసుకెళ్లారు. ఈ రోజు చైనీయులకి అవి పరాయి మాటలన్న స్పృహే లేదు. ఫోంగ్‌తై వచ్చింది కూడా ఆ దారినే, వందేళ్లు ఆలస్యంగా, మెనూ కార్డు మీద కూర్చుని.

అదే మాటలు చెవి ద్వారా వస్తే ఎలా ఉండేవో చూడాలంటే తైవాన్ వెళ్లాలి. 1895 నుంచి 1945 దాకా, యాభై ఏళ్లు అది జపాన్ పాలనలో ఉంది. బడిలో, ఆఫీసులో, వీధిలో జనం జపనీస్ విన్నారు. పోర్చుగీసువారి ‘పావ్’ జపాన్‌లో ‘పాన్’ అయితే, తైవానీయులు దాన్ని విని ‘పాంగ్’ అన్నారు. మన పావ్‌భాజీలో పావ్ కూడా ఈ కుటుంబంలోదే. చలికాలంలో ముల్లంగి, గుడ్లు, చేప ముద్దలు పులుసులో ఉడికించి అమ్మే ‘ఒదెన్’ అక్కడ ‘ఓలెన్’ అయింది. దాన్ని రాయాల్సి వచ్చినప్పుడు శబ్దానికి సరిపోయే అక్షరాలు వెతికి ‘నలుపు’, ‘చక్రం’ అని రాశారు. తెలియనివాడు ఆ బోర్డు చూస్తే సైకిల్ షాపు అనుకుంటాడు. పిండిలో ముంచి నూనెలో వేయించే టెంపురా అక్కడి మాండరిన్ చైనీస్‌లో ‘తియెన్‌బులా’ అయింది. రాసే అక్షరాల అర్థం ‘తీపి, కాదు, కారం’.

హాంకాంగ్ మీద జపాన్ పెత్తనం 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా సాగింది. మూడేళ్ల ఎనిమిది నెలలు. కరువు, భయం, ఊళ్లు ఖాళీ చేయించడం తప్ప ఆ రోజుల నుంచి ఎవరూ వంటల పేర్లు దాచుకోలేదు. జపాన్ భోజనం హాంకాంగ్‌కి శాంతికాలంలో, వ్యాపారంగా వచ్చింది. 1960లో కాజ్‌వే బే ప్రాంతంలో జపాన్‌వాళ్ల దైమారు డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచారు. అలాంటిదే యావోహాన్ 1984లో షాటిన్ ప్రాంతానికి వచ్చింది, ఆ మరుసటి ఏడు సోగో వచ్చింది. కింది అంతస్తుల్లో ఉండే సూపర్‌మార్కెట్లలో ప్యాకెట్లు, డబ్బాలు, ట్రేలు, వాటి మీద లేబుళ్లు. 1991లో బియ్యపన్నం మీద గొడ్డు మాంసం వేసి ఇచ్చే యోషినోయా అడుగుపెట్టింది. ఆ కొట్లో జపనీస్ మాట్లాడేవాడు కనబడక్కర్లేదు. అక్షరాలు కనబడితే చాలు, జనం చదివేసుకున్నారు. యోషినోయా పేరునే వాళ్లు ‘గట్‌యేగా’ అని చదువుతారు. అక్షరాలు అవే, శబ్దంలో పోలిక లేదు.

ఒదెన్ సంగతి కూడా హాంకాంగ్‌లో వేరుగా జరిగింది. జపాన్‌లో ఒసాకా వైపు దానికి ఇంకో పేరుంది: కాంతో ప్రాంతపు ఉడకబెట్టిన వంట. ఆ పేరుకి అక్షరాలున్నాయి. హాంకాంగ్ వాటిని తీసుకుని ‘క్వాన్‌డుంగ్‌జ్యూ’ అంది. తైవాన్ విన్నదాన్ని, హాంకాంగ్ చూసినదాన్ని దాచుకున్నాయి.

అక్షరం లేనిచోట

పైకి గందరగోళంగా కనబడే హాంకాంగ్ మెనూలో ఒక క్రమం ఉంది. జపాన్ ఒక మాటని చైనీస్ అక్షరాల్లో రాస్తే హాంకాంగ్ దాన్ని కంటితో తీసుకుంటుంది. జపాన్ దాన్ని ‘కానా’లో, అంటే మన లిపిలా శబ్దాన్ని మాత్రమే రాసే సొంత లిపిలో రాస్తే, కంటికి పట్టు దొరకదు. అప్పుడు చెవిని నమ్ముకోవాలి, లేదా అనువదించుకోవాలి, లేదా వదిలేయాలి. వైకింగ్‌ని కానాలో రాస్తారు. అది రాకపోవడానికి కారణం చాలావరకు అక్కడే ఉంది.

ట్యూనా చేప పొట్ట దగ్గరి కొవ్వు ముక్కని జపాన్‌లో ‘తోరో’ అంటారు. రాసేది కానాలోనే. హాంకాంగ్ ఆ శబ్దాన్ని విని ‘థోలో’ అని రెండు అక్షరాలు అతికించింది. వాటి అర్థం ‘ఈడ్చడం’, ‘వల’. చేపకి వల తగిలిందని సంతోషించడం తప్ప అందులో వెతకాల్సింది ఏమీ లేదు. ‘ఒమాకాసె’, అంటే వంటవాడి ఇష్టానికి వదిలేసి అతను పెట్టింది తినడం, ఇదీ కానాయే. దీన్ని హాంకాంగ్ ‘ఛ్యూసీ ఫాట్‌బాన్’ అని అచ్చమైన కాంటనీస్‌లోకి తిప్పుకుంది. ఏం చేయాలో వంటవాడే చూసుకుంటాడు అని అర్థం. జపనీస్ మాటకంటే దీనికే దర్జా ఎక్కువ.

ఉడోన్ కథ వీటన్నిటికంటే పొడుగు. బొద్దుగా ఉండే ఈ గోధుమ నూడుల్స్‌కి జపనీస్‌లో చైనీస్ అక్షరాలు ఉన్నాయి గానీ, అవి ఎంత అరుదైనవంటే జపనీయులే రాయరు. బోర్డుల మీద కానాయే కనబడుతుంది. కాబట్టి హాంకాంగ్ చెవితో తీసుకుని ‘వూడుంగ్’ చేసింది. రాసే అక్షరాలు ‘కాకి నలుపు’, ‘చలికాలం’. ఆ తర్వాత చైనా ప్రధాన భూభాగం హాంకాంగ్ నుంచి ఈ రాతనే తెచ్చుకుంది. తైవాన్ మాత్రం వేరే అక్షరాలతో ఊలుంగ్ అంటుంది, అదే ఊలాంగ్ టీకి రాసే అక్షరాలతో. టీ అనుకుని ఆర్డరిస్తే నూడుల్స్ వస్తాయి. ఇక ఆ వాడకంలో లేని పాత జపనీస్ అక్షరాల సంగతికి వస్తే, అవి చైనాలోని ‘హున్‌తున్’ అనే మాంసం కుడుముల పేరుకి చుట్టాలు. ఉడోన్ అన్న పేరు దాన్నుంచే పుట్టిందని ఒక బలమైన వాదన ఉంది. ఆ హున్‌తున్‌నే కాంటనీస్‌లో ‘వాన్‌తన్’ అంటారు. ఆ వాదన సరైతే, ఒకే మెనూలో పక్కపక్కన కూర్చునే వాన్‌తన్, వూడుంగ్ ఒక తల్లి బిడ్డలు. ఒకటి ఇల్లు కదలలేదు. రెండోది సముద్రం దాటి, ఆకారం మార్చుకుని, పేరు మార్చుకుని ఇంటికొచ్చింది. ఎవరూ గుర్తుపట్టలేదు.

టెంపురాది ఇంకో ప్రయాణం. 16వ శతాబ్దంలో నాగసాకి వచ్చిన పోర్చుగీసువారి మాట నుంచి అది పుట్టిందని అంటారు. వాళ్ల ఓడలు నాగసాకికి బయలుదేరింది మకావ్ నుంచి. మకావ్ అంటే హాంకాంగ్‌కి నీటి మీద అరవై కిలోమీటర్లు. అంటే పోర్చుగీసు మాట ఒకటి హాంకాంగ్ ముంగిట నుంచే జపాన్ వెళ్లింది. అక్కడ శబ్దం కోసం ‘ఆకాశం’, ‘ఇల్లాలు’, ‘పలచని పట్టు’ అనే అక్షరాలు తొడిగించుకుంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత హాంకాంగ్‌లో ‘థిన్‌ఫూలో’గా దిగింది. బాల్చీ, అల్మారా, అనాస మన దగ్గర వదిలివెళ్లింది కూడా ఆ వర్తకులే.

ఈ సూత్రానికి సుషీ అడ్డొస్తుందనిపించవచ్చు. కాంటనీస్‌లో సుషీని ‘సౌసీ’ అంటారు, వినడానికి జపనీస్‌కి దగ్గరగానే ఉంది, మరి చెవితో వచ్చినట్టే కదా? అసలు జపనీయులే ఆ మాటకి శుభం కోసం, శబ్దం కలిసేలా రెండు చైనీస్ అక్షరాలు ఎంచుకున్నారు. మొదటిది ‘దీర్ఘాయుష్షు’. శబ్దం కోసం ఎంచుకున్న అక్షరాలు కాబట్టి కాంటనీస్‌లో చదివినా దగ్గరగానే పలుకుతాయి. చదువుకున్నదే, విన్నట్టు అనిపిస్తుందంతే.

సూత్రం తప్పిన చోట్లు కూడా ఉన్నాయి. మిసో సూప్‌కి జపాన్‌లో చక్కని చైనీస్ అక్షరాలున్నాయి, తైవాన్ తీసుకుంది కూడా. హాంకాంగ్ సామాన్యుడు మాత్రం ‘మిన్‌సీ తోంగ్’ అనే అంటాడు. పులియబెట్టిన సోయా ముద్ద మిన్‌సీ తరతరాలుగా కాంటనీస్ వంటింట్లో ఉంది. ఇంట్లో ఉన్నదాని పేరు బయటివాళ్లు చెప్పాలా?

పేరు మారితే వడ్డన మారుతుంది

పచ్చి చేప తినడం దక్షిణ చైనాకి కొత్తేమీ కాదు. దాన్ని ‘యూసాంగ్’ అంటారు, యూ అంటే చేప, సాంగ్ అంటే పచ్చి. సాషిమి అక్షరాలు ‘పొడవడం’, ‘శరీరం’ వచ్చాక ‘ఛీసన్’ అనే ఇంకో పేరు దొరికింది. ఇప్పుడు పేర్లు రెండూ బతికే ఉన్నాయి. అన్నం మీద పచ్చి చేప ముక్కలు పరిస్తే యూసాంగ్ అన్నం. చెక్క పీట మీద చేపని వరసగా పేర్చి, పక్కన ముల్లంగి తురుము పెడితే ఛీసన్.

గుడ్డుదీ ఇదే తంతు. గిలకొట్టిన గుడ్డులో నీళ్లు కలిపి ఆవిరి మీద ఉడికించడం ప్రతి కాంటనీస్ ఇంట్లోనూ చేసే పని. అదే పని టీ కప్పులో చేసి, పైన ఒక రొయ్య పెట్టి, ‘టీ గిన్నె ఆవిరి’ అనే జపాన్ అక్షరాలు రాస్తే అది ‘ఛావున్‌జింగ్’. లంచ్ బాక్సు మామూలుగా ‘ఫాన్‌హాప్’, అన్నం డబ్బా. అందులో గళ్లు కట్టి, ఊరవేసిన ముల్లంగి పసుపు ముక్క రెండు పెడితే ‘బిన్‌డోంగ్’, అంటే బెంటో.

వీటన్నిటిలో చదవగానే నవ్వు తెప్పించేది పంది. కాంటనీస్‌లో పందికి మామూలు మాట ‘జ్యూ’. జపనీస్‌లో పందికి వేరే అక్షరం రాస్తారు, చైనాలో అది పుస్తకాల్లోని పాత మాట. కాంటనీస్‌లో దాన్ని ‘థ్యూన్’ అని చదువుతారు. ఈ రోజు హాంకాంగ్ పిల్లాడికి థ్యూన్ అనగానే గుర్తొచ్చేది ‘హోయ్‌థ్యూన్’. అది డాల్ఫిన్. అక్షరాలా చూస్తే ‘సముద్రపు పంది’. రామెన్ అనే జపాన్ నూడుల్స్ అమ్మే షాపు వాడు పంది ఎముకల రసాన్ని జపాన్ పద్ధతిలో ‘థ్యూన్ ఎముకలు’ అని రాస్తాడు, మామూలు హోటల్ వాడు ‘జ్యూ ఎముకలు’ అని రాస్తాడు. గిన్నెలో ఉన్న పంది ఒకటే. డాల్ఫిన్ వాసన వచ్చే అక్షరం ఉన్న గిన్నెకి బిల్లు కాస్త ఎక్కువ వస్తుంది.

మాటల వరస కూడా జపాన్ వాసన పట్టిస్తుంది. కాంటనీస్ వంటకాల పేర్లలో వండే పద్ధతి ముందు, పదార్థం తర్వాత రావడమే ఎక్కువ. కాల్చిన పెద్దబాతుని ‘సియూ ఙో’ అంటారు, సియూ అంటే కాల్చడం. ఆవిరి చేప ‘జింగ్ యూ’, వేయించిన అన్నం ‘ఛావ్ ఫాన్’. జపనీస్‌లో ‘యాకి’ చాలాసార్లు చివర్లో వస్తుంది: తాకోయాకి, తెప్పన్‌యాకి, సుకియాకి. యాకికీ సియూకీ రాసే అక్షరం ఒకటే కాబట్టి హాంకాంగ్ మెనూల్లో సియూతో ముగిసే పేర్లు గుంపుగా వచ్చాయి. సియూ చివర్లో వచ్చే పాత కాంటనీస్ ఛా సియూ (కాల్చిన పంది మాంసం) లాంటివి ముందే ఉన్నాయి, జపనీస్‌లోనూ యాకితోరి లాంటి తిరగబడ్డ వరస ఉంది. కాబట్టి ఇదేమీ తిరుగులేని నియమం కాదు. అయినా సియూ వెనక కూర్చుంటే కాంటనీస్ పాఠకుడికి జపాన్ అని తట్టే అవకాశం ఎక్కువ. తెలుగువాళ్లకి జపాన్ వరసే సహజంగా తోస్తుంది. వంకాయ వేపుడు, చేపల పులుసు అంటాం. వేపుడు వంకాయ అనం.

మెనూ అంచుల్లో ఉండే చిన్న మాటల్లోనూ జపాన్ దూరింది. కొద్ది రోజులే దొరికే వంటకం మీద ‘హాన్‌డింగ్’, ఎక్కువమంది అడిగేదాని మీద ‘యన్‌హేయ్’. రెండూ జపాన్ దుకాణాల బోర్డుల మీది జంటలే. కొన్ని చోట్ల మాట కూడా అక్కర్లేదు, ఒక్క అక్షరం చాలు. ‘యొక్క’ అనే అర్థమిచ్చే ‘నో’ అనే కానా అక్షరం, సున్నాలా గుండ్రంగా తిరిగి తోక వదిలేది, హాంకాంగ్‌లో అలంకారమైపోయింది. ఊళ్లోనే పుట్టిన చిరుతిళ్ల కంపెనీ ‘అజి ఇచిబాన్’ తన చైనీస్ పేరు మధ్యలో దాన్ని పెట్టుకుంది. జనం దాన్ని ‘నో’ అని పలకరు. అదే అర్థం ఉన్న చైనీస్ అక్షరం ‘జీ’ అక్కడ ఉన్నట్టు ఊహించుకుని చదివేస్తారు. కానాని కూడా చైనీస్ అక్షరంలా చూడటమంటే, కంటి అలవాటు అంత గట్టిది మరి.

అలవాటు తడబడే చోటు ‘దోన్’. గిన్నెలో అన్నం పోసి పైన కూర పరిచే వంటకాలకి జపాన్‌లో ఇది చివరి మాట: గ్యూదోన్, ఒయాకోదోన్. అక్షరం చూస్తే నుయ్యి, మధ్యలో ఒక చుక్క. చైనాలో ఇది ఎప్పుడో మూలపడ్డ అక్షరం. దాన్ని ఎలా చదవాలో హాంకాంగ్‌లో ఒక్క మాట మీద లేరు. చుక్క పట్టించుకోకుండా ‘నుయ్యి’ అని చదివేవాళ్లున్నారు, జపాన్ శబ్దాన్నే అనుకరించేవాళ్లున్నారు, తంటా ఎందుకని మెనూలో వేలు పెట్టి చూపించేవాళ్లూ ఉన్నారు. ఒయాకోదోన్ అంటే ‘తల్లీబిడ్డల గిన్నె’, కోడీ దాని గుడ్డూ ఒకే గిన్నెలో అని. వేలు పెట్టి చూపించడమే మర్యాదేమో.

జపాన్‌దిలా కనబడి కానిది కూడా ఒకటి చెప్పాలి. బ్రెడ్ పొడి అద్ది వేయించిన పంది ముక్క, దాని పక్కన తరిగిన క్యాబేజీ. జపాన్‌లో తోన్‌కాత్సు, హాంకాంగ్‌లో ‘గట్‌లిత్ జ్యూపా’. గట్‌లిత్ కాత్సుకి కాంటనీస్ రూపమనుకుంటే పొరపాటు. రెండూ ఇంగ్లీషు కట్లెట్ నుంచే వేర్వేరుగా పుట్టాయి. జపాన్ దాన్ని కాత్సురెత్సు చేసి తోక కోసేసింది. బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్ ఇంగ్లీషు నోటి నుంచే తీసుకుంది. ఇప్పుడు జపాన్ గొలుసు హోటళ్లు కూడా హాంకాంగ్‌లో తమ కాత్సుని గట్‌లిత్ అని రాస్తుంటాయి.

ఒక్కటి!

ఇన్ని మాటల్లోకీ చిన్నది, బహుశా అన్నిటికంటే గమ్మత్తైనది, ‘డింగ్’. దీని కోసం జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్లనక్కర్లేదు. ‘ఛా ఛాన్ తెంగ్’కి వెళ్లాలి. పాల టీ, బ్రెడ్, గుడ్డు, నూడుల్స్ దొరికే ఇరుకు హోటల్ అది. హైదరాబాద్ ఇరానీ హోటల్‌కి దూరపు బంధువు అనుకోవచ్చు, పక్క టేబుల్ వాళ్లతో కలిపి కూర్చోబెట్టడంతో సహా. అక్కడ ఇన్‌స్టంట్ నూడుల్స్‌ని సిగ్గుపడకుండా వండి వడ్డిస్తారు. మామూలుగా వేసేది ‘గుంగ్‌జాయ్ మిన్’, అంటే బొమ్మ నూడుల్స్. అది స్థానిక బ్రాండు పేరు. మనం ఏ ఫొటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు, ఏ ఇన్‌స్టంట్ నూడుల్స్‌నైనా అదే పేరుతో పిలుస్తారు. డబ్బాలోని మాంసం ముక్కా గుడ్డూ వేస్తే ‘ఛాన్ డాన్ మిన్’. ఇంకొన్ని డాలర్లు పోయినా పర్లేదు, మంచి నూడుల్స్ కావాలనుకునేవాడు ‘ఛాన్ డాన్ డింగ్’ అంటాడు.

ఆ డింగ్ 1968లో జపాన్‌లో నిస్సిన్ కంపెనీ తెచ్చిన ‘దెమాయె ఇచ్చో’ నూడుల్స్. ప్యాకెట్ మీద డెలివరీ పెట్టె పట్టుకున్న కుర్రాడి బొమ్మ, లోపల చిన్న పొట్లంలో నువ్వుల నూనె. దెమాయె అంటే హోటల్ నుంచి ఇంటికి భోజనం పంపడం. ఇచ్చో అంటే ‘ఒకటి’, కానీ మామూలు ఒకటి కాదు. జపాన్ హోటళ్లలో ఆర్డర్ తీసుకున్నవాడు వంటగదిలోకి ‘రామెన్ ఇచ్చో!’ అని అరుస్తాడు. మన సర్వర్ ‘ఒక ప్లేట్ ఇడ్లీ!’ అన్నట్టు. ఇచ్చోలో ‘ఇ’ ఒకటి, ‘చో’ ఆ ప్లేటు.

హాంకాంగ్ నాలుగు అక్షరాలనీ తన పద్ధతిలో ‘ఛొట్‌ఛిన్ యాట్‌డింగ్’ అని చదివింది. మొదటి రెండు అక్షరాలకి కాంటనీస్‌లో డెలివరీ అనే అర్థం లేదు. ఇంటికి పట్టుకెళ్లడానికి వాళ్లకి ‘హాంగ్‌గాయ్’ అనే సొంత మాట ఉంది, అక్షరాలా ‘వీధిలో షికారు’. మన పార్సిల్‌కంటే అందంగా ఉంది. కాబట్టి అర్థం ఉన్న దెమాయె వట్టి శబ్దమై జారిపోయింది. ‘ఒకటి’ కూడా పోయింది. ఏ అర్థమూ లేకుండా లెక్క కోసం మాత్రమే ఉన్న చివరి అక్షరం మిగిలి, నూడుల్స్‌కే పేరైంది. ఇడ్లీ ఏదో దూరదేశం వెళ్లి, అక్కడ దాని పేరు ‘ప్లేట్’గా స్థిరపడి, ‘సాంబార్ ప్లేట్’, ‘నెయ్యి ప్లేట్’ అని అడుగుతుంటే ఎలా ఉంటుందో అలా.

చైనీస్ మెనూలో ఆ అక్షరానికి అప్పటికే వేరే ఉద్యోగం ఉంది. డింగ్ అంటే చిన్న ఘనాలుగా కోసిన ముక్కలు. కోడికి డింగ్ కలిస్తే కోడిమాంసం ముక్కలు. అయినా ఛా ఛాన్ తెంగ్‌లో ఎవరూ తికమకపడరు. రసం లేకుండా నూనెలో కలిపిన నూడుల్స్ ‘లౌ డింగ్’. సెంట్రల్ అనే ప్రాంతంలోని గేజ్ వీధిలో 1952 నుంచి నడుస్తున్న లాన్ ఫోంగ్ యూన్ హోటల్లో ఉల్లికాడల నూనె, కోడిమాంసంతో ఇచ్చే లౌ డింగ్ కోసం టూరిస్టులు కూడా లైన్లో నిలబడతారు. బొమ్మ నూడుల్స్ తయారుచేసే కంపెనీని నిస్సిన్ 1989లోనే కొనేసింది. అంటే అదనపు డాలర్లు ఇచ్చినా ఇవ్వకపోయినా సొమ్ము చేరేది ఒకే ఇంటికి. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా డింగ్‌కే మార్చమంటారు.

వెయిటర్‌కి తీరిక ఉండదు. అన్నానికి రాసే పెద్ద అక్షరాన్ని సగం కోసి రాస్తాడు. నిమ్మకాయ టీకి సున్నా పక్కన ఇంగ్లీషు ‘టీ’ అక్షరం పెడతాడు, ఎందుకంటే కాంటనీస్‌లో సున్నా, నిమ్మ దాదాపు ఒకేలా పలుకుతాయి. డింగ్‌కి మాత్రం ఏ కత్తిరింపూ అక్కర్లేదు. ఒక అడ్డగీత, దాని కింద కొక్కెంలా వంగే ఒక నిలువుగీత. రెండు గీతలు గీకి, చీటీ చింపి, వంటగది కిటికీలోకి కేకేస్తాడు: ‘డింగ్!’